పాతబండి - క్రొత్త యింజను

విప్పుట యెల్లరకును వచ్చును. మరల కూర్చుట కొందఱకే వచ్చును. పాత మోటారుకారును బాగుచేయబూనినవారు మొట్టమొదట నేర్చుకొను పాఠమిది. ఒక ఆదివారమున నలుగురు మిత్రులు చేరి స్పానర్లు పట్టినచో సాయంకాలమగునప్పటికి బండి యంతయు ముక్కలై షెడ్డునిండ పఱచుకొనియుండును. తలుపులు గోడకు చేరబడును; సీట్లు వసారాలోనికి పోవును; బోల్టులును నట్లును వాషర్లును పాత డబ్బాలలో కలిసిపోవును. ఏ బోల్టు ఏ రంధ్రమునకు చెందినదో ఆనాడే చీటి వ్రాసి కట్టనివానికి ఆఱునెలలు గడచిన పిమ్మట బ్రహ్మదేవుడు వచ్చి చెప్పినను తెలియదు. అట్లు విప్పబడిన బండ్లలో ననేకము మరల రోడ్డెక్కవు. అవి తుప్పుచేత చచ్చినవి కావు. విప్పినవారి తొందరచేత చచ్చినవి.

ఈ కూర్పుపనిలో నడుమ నొక ధర్మసందేహము తఱచుగా నెదురగును. రేకు బాగుచేయవచ్చును, రంగు వేయవచ్చును, సీట్లు కుట్టించవచ్చును. కాని యింజను అరిగిపోయినది; దాని భాగములు దొరకుట దుర్లభము; దొరకినను అది నేటి రోడ్లమీది వేగమునకు తాళలేదు. అట్టిచో పాతయింజనును తీసివేసి దాని స్థానమున నేటి యింజనును అమర్చవచ్చునా? అమర్చినయెడల ఆ బండి ఆ బండియే యగునా? ఇది కారుషెడ్డులోని గొడవయని చదువరులు కొట్టివేయరాదు. పెద్దలవలన వచ్చిన వస్తువును మన యవసరమునకై ఎంతవఱకు మార్చవచ్చును, మార్చినవాడు ఎవరెవరికి జవాబుదారి యగును అను పెద్దప్రశ్నకు ఇది యొక చిన్నరూపము. చేతితో తాకి చూడదగిన రూపమగుటచే దీనిని విచారించుట సులభము.

ఉదాహరణమునకు మనదేశమున నెల్లరెఱిగిన అంబాసిడరు కారునే తీసికొందము. దాని మూలరూపము ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి. ఆ బండి యచ్చులను తెచ్చి, కలకత్తా సమీపమునందలి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారు 1950ల చివర దానిని చేయనారంభించిరి. అప్పటినుండి 2014లో కర్మాగారము పని నిలిపివేయువఱకు ఆ గుండ్రని పైకప్పు, ఆ విశాలమైన వెనుకసీటు పెద్దగా మాఱలేదు. మంత్రుల తెల్లబండి యదియే, టాక్సీవాని పసుపుబండి యదియే. కొన్ని యిండ్లలో పెండ్లికూతురు అత్తవారింటికి వెళ్లినదియు, రోగిని రాత్రివేళ ఆసుపత్రికి చేర్చినదియు ఆ బండియే. కావున దానియందు జనులకు గల మమత ఇనుపరేకుమీది మమత మాత్రమే కాదు.

అట్టి బండికి ఇంజను మార్చుట అపచారమని వాదించువారు దాని చరిత్రను కొంచెము పరికింపవలయును. మొదట వచ్చిన సైడువాల్వు ఇంజనును తయారుచేసినవారే 1959లో తీసివేసి, 1489 ఘనసెంటీమీటర్ల ఓవర్‌హెడ్‌వాల్వు ఇంజనును పెట్టిరి. దాని శక్తి సుమారు 55 అశ్వబలములు. 1990ల మొదట జపానుదేశపు ఇసుజు సంస్థవారి 1817 ఘనసెంటీమీటర్ల ఇంజను, సుమారు 75 అశ్వబలములు గలది, అదే దేహములో నెక్కినది. కాబట్టి పాతదేహమున క్రొత్తగుండె నమర్చుట యను పనిని నిన్నటి కుఱ్ఱవాండ్రు కనిపెట్టలేదు. ఆ బండి పుట్టింటివారే మొదలుపెట్టిరి. ఇచ్చట గమనింపదగినదొకటి కలదు. ఇసుజు ఇంజనును పెట్టినప్పుడు కర్మాగారమువారు దానిని ఒంటిగా పెట్టలేదు. దానితోగూడ ఐదు గేర్ల పెట్టెనుగూడ నిచ్చిరి. ఈ సంగతికి మరల వత్తము.

ఇప్పుడొక కుటుంబమును మనస్సున నూహించుకొందము. తండ్రి పోయెను. ఆయన నడపిన అంబాసిడరు పెరటిలో తాటాకుపాకక్రింద నిలిచియున్నది. కుమారు లిరువురు. పెద్దవాడు దానిని ఉన్నది ఉన్నట్లు నిలుపవలయు ననును. చిన్నవాడు యంత్రశాస్త్రము చదివినవాడు. క్రొత్త యింజను పెట్టి తిప్పవలయు ననును.

“నాన్నగారు నడపినది ఈ యింజనునే గదా, తమ్ముడూ! దీని చప్పుడు వీధిమలుపున వినబడగానే అమ్మ లేచి తలుపు తీయుచుండెడిది. ఆ చప్పుడు పోయిన తరువాత మనకు మిగులునదేమి?” అని అన్న యడుగును.

“ఆ చప్పుడు వినుటకైనను బండి కదలవలయును గదా, అన్నయ్యా! పదునైదేండ్లుగా అది కదలలేదు. అమ్మను దీనిలో కూర్చుండబెట్టి అన్నవరము తీసికొనిపోవుట మేలా, పట్టా కప్పి యేటేట ఆయుధపూజనాడు బొట్టుపెట్టుట మేలా?” అని తమ్ముడు బదులు చెప్పును.

ఇరువురి మాటయందును ప్రేమ కలదు. అన్న తండ్రిని వస్తువునందు చూచుచున్నాడు. తమ్ముడు తండ్రిని ఆ వస్తువు చేసిన సేవయందు చూచుచున్నాడు. ఎవరి పక్షము న్యాయ్యము?

ఇట్టి తగవు తత్త్వవేత్తలకు క్రొత్తది కాదు. గ్రీకు చరిత్రకారుడగు ప్లూటార్కు థీసియస్సు ఓడను గూర్చి వ్రాసినాడు. ఏథెన్సు పౌరులు ఆ ఓడను స్మారకముగ నిలుపుకొని, చివికిన పలకను తీసి గట్టి పలకను వేయుచు వచ్చిరట. అది పూర్వపు ఓడయేయని కొందఱును, కాదని కొందఱును తర్కించిరి. 17వ శతాబ్దమున ఇంగ్లండు తత్త్వవేత్తయగు హాబ్సు దీనికి మఱియొక మెలిక పెట్టినాడు. తీసివేసిన పాతపలకల నెవడైనను దాచి, వానితో వేఱొక ఓడను కూర్చినయెడల, రెండింటిలో థీసియస్సు ఓడ యేది? పాత కార్లవారి లోకమున నిది వట్టి తర్కము కాదు. ఒకని బండినుండి తీసిన యింజను మఱియొకని బండిలో మ్రోగుచుండుట నిత్యము చూచుచున్నదే.

మనదేశమున ఈ ప్రశ్న రథమును ఆశ్రయించి పుట్టినది. మిలిందరాజు రథమెక్కి వచ్చితినని చెప్పగా నాగసేనభిక్షువు, రథమనగా ఇరుసా, చక్రములా, కాడియా, పగ్గములా యని యొక్కొక్కదానిని చూపి యడిగెను. ఏదియు కాదని రాజొప్పుకొనవలసివచ్చెను. భాగములన్నియు ఒక తీరున కూడినప్పుడు మనము వాడుకొను పేరే రథమని తేలినది. మిలిందపన్హలోని ఈ వాదము మోటారుకారును విప్పి షెడ్డునిండ పఱచుకొన్నవానికి తెలిసినంతగా మఱెవనికిని తెలియదు. అతని కన్నులయెదుట భాగములన్నియు కలవు; కారు మాత్రము లేదు.

పూరీక్షేత్రమునందు ఈ విషయమును మనవారు ఆచారముననే తీర్చుకొనిరి. జగన్నాథుని రథమును ఏటేట క్రొత్త కఱ్ఱతో నిర్మింతురు. ఐనను అది నందిఘోషమే. నవకళేబరమునందు స్వామి దారుదేహమునే మార్చుదురు. 1996లోను 2015లోను అట్లు జరిగినది. పాతదేహమునుండి బ్రహ్మపదార్థమను దానిని క్రొత్తదేహమునకు చేర్చుదురు. అచ్చట లోపలిది నిలుచును, పైది మాఱును. కారువిషయమున తమ్ముడు చేయబోవునది దీనికి తలక్రిందులు: పైది నిలుచును, లోపలిది మాఱును. ఒకటి సమ్మతమై రెండవది అసమ్మతమగుటకు కారణమేమి? లోపలిదే సారము, పైది తొడుగు అనుకొన్నచో తమ్ముడు చేయునది తప్పు. కాని కారునకు సారము ఇంజనేయని ఎవరు తేల్చిరి? అంబాసిడరును తలచినప్పుడు మనకు స్ఫురించునది దాని యింజనా, దాని యాకారమా, దాని వెనుకసీటున కూర్చున్న మనవారా? తయారుచేసినవారు 2017లో ఆ పేరును మాత్రము విడదీసి 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సుదేశపు ప్యూజో సంస్థవారికి అమ్మిరి. బండి లేకయే పేరు చేతులు మాఱినది. కావున సారము పేరునందును నిలుచునట్లు లేదు.

నా యభిప్రాయము చెప్పెదను. “అది ఆ బండియేనా?” యను ప్రశ్నను ఎంత పిండినను ధర్మము కాఱదు. అది పేరులకు సంబంధించిన ప్రశ్న. ధర్మమునకు సంబంధించిన ప్రశ్న వేఱు: మార్చినవాడు ఎవరికి జవాబు చెప్పవలయును? ఆ జవాబు చెప్పుటకు సిద్ధపడినవానికే మార్చు హక్కు కలదు. అట్టివారు ముగ్గురున్నారు: రోడ్డుమీద నెదురుపడువాడు, బండిని తన తరువాత కొనువాడు, ఇంకను పుట్టనివాడు.

మొదటివాని సంగతి. పై కుటుంబములోని తల్లి కుమారుల వాదమునంతను విని యొక్కమాట యడిగెననుకొందము: “మీ రిరువురును పోవు సంగతియే మాటాడుచున్నారు, ఆగు సంగతి చెప్పుడు, నాయనా.” ఆమె యడిగినదే మూలప్రశ్న. కదలు వస్తువునందలి శక్తి వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండిని 80కి పెంచినచో, వేగము మూడవవంతు మాత్రమే పెరిగినను బ్రేకులు మ్రింగవలసిన శక్తి దాదాపు 1.8 రెట్లగును. వేగము రెండింతలైనచో శక్తి నాలుగింతలు. పాత అంబాసిడరు బ్రేకులు డ్రమ్ములు. కాలిబలమునకు తోడుపడు సర్వో లేనివి. అవి ఆనాటి యింజనునకు జోడుగా పుట్టినవి. మరల మరల నొక్కినచో వేడెక్కి పట్టు సడలును. ముందువైపు టార్షన్‌బార్లు పాత యింజను బరువును లెక్కించి పెట్టబడినవి. వెనుక ఇరుసు పాతశక్తిని మోయుటకు చేయబడినది. రేడియేటరు పాతవేడిమిని చల్లార్చుటకు అమర్చబడినది. ఇంజనును మాత్రము మార్చి తక్కినవానిని విడిచిన బండి, గుఱ్ఱమును మార్చి కళ్లెమును మఱచిన రౌతువంటిది. నూఱు అశ్వబలముల యింజనును తెచ్చుట డబ్బుపని. దానికి తగిన డిస్కుబ్రేకులను, సర్వోను, గేరుపెట్టెను, సమతూకము చేసిన ప్రొపెల్లరుషాఫ్టును, గట్టి ఇరుసును, ఇంధనపు గొట్టములను, విద్యుత్తీగెల కట్టను సరిచూచి పెట్టుట ఓర్పుపని. మొదటిదానిని గొప్పగా చెప్పుకొనువారే హెచ్చు. రెండవదానిని గూర్చి యెవరును చెప్పుకొనరు, చూపినను ఇరుగుపొరుగువా రాశ్చర్యపడరు. కాని రోడ్డుదాటు పసివాని ప్రాణము ఆ రెండవదానియందే యున్నది. కర్మాగారమువారు ఇంజనుతోగూడ గేరుపెట్టెనుగూడ మార్చిరని పైన చెప్పితిని. శక్తిని హెచ్చించినవాడు ఆ శక్తిని మోయు అంగములనుగూడ మార్చవలసినదే. ఇది యంత్రములకు మాత్రమే చెల్లు నియమము కాదు. సంపాదనము హెచ్చిన గృహస్థునకును, అధికారము హెచ్చిన ఉద్యోగికిని, స్వేచ్ఛ హెచ్చిన సంఘమునకును ఇదియే నియమము.

రెండవవాడు కొనువాడు, అతనితోగూడ ప్రభుత్వము. మన రిజిస్ట్రేషను పుస్తకమున చాసిస్‌సంఖ్య యొకటి, ఇంజనుసంఖ్య యొకటి వేఱువేఱుగ నుండును. బండికి రెండు గుర్తులున్నవని చట్టము మొదటినుండియు నెఱుగును. 1988వ సంవత్సరపు మోటారువాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. వేఱు ఇంధనమునకు అనుకూలముగ ఇంజనును మార్చుట వంటి కొన్ని మార్పులకు నియమములకు లోబడి దారి యిచ్చిరి. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఈ సెక్షనునే గట్టిపఱచినది. ఏబదియేండ్లు దాటిన బండ్లకై 2021లో ప్రత్యేక నియమములు వచ్చినవి. చాసిస్, దేహము, ఇంజను మార్పునొందక మూలరూపమున నున్న బండికే ఆ గౌరవము. అట్టి బండిని ప్రదర్శనలకును పందెములకును తీసికొనిపోవచ్చునుగాని దినదినము వాడుకొనరాదు. అనగా ప్రభుత్వము అన్నకొక దారియు తమ్మునికొక దారియు చూపి, రెండింటిని కలుపవలదని చెప్పినది. ఆమోదము లేని మార్పుచేసి, పుస్తకమున పాతవివరమునే నిలుపుకొని, ప్రాచీనవాహనమని పేరుపెట్టుకొని తిరుగువాడు రెండు దారులలోను దొంగయే. కొందఱు పాతయింజనుసంఖ్యను క్రొత్తదానిమీద చెక్కించుటకైనను వెనుదీయరు. ఇంజను మార్చుట దోషము కాకపోవచ్చును. దాచుట నిశ్చయముగ దోషము. మార్పును కాగితముమీద చెప్పుటకు జంకు కలిగినచో, ఆ జంకే మార్పునుగూర్చిన తీర్పు.

మూడవవాడు ఇంకను పుట్టనివాడు. అతని పక్షమున మాటాడువారు తక్కువ. పురాతన కట్టడములను బాగుచేయుటనుగూర్చి 1964లో వెనిసునగరమున కుదిరిన శాసనపత్రమునందు ఒక మంచి నియమము కలదు: పోయిన భాగమునకు బదులుగ పెట్టినది తక్కినదానితో పొందికగా నుండవలయును, కాని మూలమునకు అది వేఱని తెలియునట్లుగూడ నుండవలయును. అందము చెడరాదు, అబద్ధము చెప్పరాదు అని దాని భావము. మోటారుబండ్ల విషయమున ఫీవా యను అంతర్జాతీయ ప్రాచీనవాహనసంఘమువారు 2012లో తురినుపత్రమున అట్టి బాటనే పట్టిరి. పాతబండ్లకు విద్యుత్ యంత్రముల నమర్చువారు హెచ్చగుచుండగా, 2019లో వారొక మాట స్పష్టముగ జెప్పిరి: అట్లు మార్చిన బండిని చారిత్రకవాహనముగ తాము లెక్కింపజాలము, మార్చదలచినవారు మాత్రము మరల పూర్వరూపమునకు తేదగినట్లు మార్చి, తీసిన భాగములకు గుర్తులు వ్రాసి భద్రపఱుపవలయును. జాగ్వారు సంస్థవారు 2017లో తమ ఈ-టైపు బండిని విద్యుత్తుతో నడచునట్లు చేసి చూపినప్పుడు, బాటరీని పాతయింజను కొలతకును బరువునకును దగ్గఱగా కూర్చి, కోరినచో పాతయింజనును మరల పెట్టుకొనవచ్చునని చెప్పుకొనిరి. ఇందలి వినయము మెచ్చదగినది. నేటి మన బుద్ధియే కడపటిది కాదని ఒప్పుకొన్నవాడే తిరుగుదారిని విడిచిపెట్టును. దేహమునకు రంపము పెట్టి, అడ్డువచ్చిన దూలమును కోసి, పాతయింజనును ఇనుపసామానువానికి తూకమునకు వేసినవాడు తన మనుమని నోరు నేడే నొక్కివేసినాడు.

ఇచ్చట నొక యాక్షేపణ రావచ్చును. ఇన్ని నియమములు పెట్టినచో ధనవంతులకే గాని సామాన్యులకు పాతబండి దక్కదు గదాయని. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని నేను చెప్పిన మూడింటిలో నిజముగ వ్యయముగలది మొదటిదొక్కటే, దానిని తగ్గించుట కెవరికిని హక్కు లేదు; ఎదుటివాని ప్రాణముతో మన ఖర్చును మిగుల్చుకొనుట మితవ్యయము కాదు. బ్రేకులకు డబ్బు చాలనివాడు ఇంజనునుగూడ ఆపివేయవలసినదే. రెండవదానికి కావలసినది నిజాయితీ. మూడవదానికి కావలసినది ఒక గోనెపట్టా, కొంచెము గ్రీజు, కొన్ని చీటీలు. ఇంకొక భేదముగూడ పాటింపవలయును. అంబాసిడరులు లక్షలకొలది పుట్టినవి. వానిలో నొకదానికి ఇంజను మార్చినంతమాత్రమున లోకము నష్టపోదు. అట్లుగాక చేతివ్రేళ్లమీద లెక్కింపదగిన బండ్లును కలవు. అట్టివానికి ఆస్తిదస్తావేజు మన పేర నున్నను మనము కాపరులమే గాని యజమానులము కాము. ఇదియు గాక, బాగుచేసినచో నడువగల పాతయింజనును వట్టి వేగపు మోజుచేత తీసివేయుట సంస్కారము కాదు; విసుగుదల.

మఱి అన్నదమ్ములలో నెవరు గెలిచిరి? తమ్ముని కోరిక న్యాయ్యమే. వస్తువును పూజచేసి చంపుటకంటె పనిలో బ్రతికించుట మేలు. కాని ఆ కోరికకు హక్కు లభించునది అన్న భయమును తనలో కలుపుకొన్నప్పుడే. ఇంజను పని యారంభింపకముందు బ్రేకుల పని ముగింపవలయును. కార్యాలయమునకు వెళ్లి, మార్పునకు అనుమతి గలదో లేదో తెలిసికొని, లేనిచో మానుకొనవలయును. తీసిన యింజనుకు గ్రీజు పూసి, అది ఏ బండిది, ఏనాడు ఎవరు తీసిరి, ఏల తీసిరి యను సంగతిని రేకుమీద వ్రాసి కట్టి, ఇంటిలోనే యుంచవలయును. అన్నకు చప్పుడు కావలసివచ్చిననాడు ఆ యింజనును ఒక ఇనుపచట్రముమీద నిలిపి మ్రోగించి చూపవచ్చును. అది కష్టమైన పని కాదు.

పెద్దలనుండి మనకు వచ్చినవానిలో మార్పులేనిదియు లేదు, మార్చరానిదియు మిక్కిలి తక్కువ. వారును తమ పెద్దలనుండి వచ్చినదానిని మార్చియే మనకిచ్చిరి. మనము విప్పినదానిని మరల కూర్చి, మార్చినదానిని ఒప్పుకొని, తీసినదానిని దాచి, మన తరువాతివాని చేతికి తాళములతోగూడ ఆ చీటీలనుగూడ ఇచ్చినచో చాలును.